పినాంగుకు పోని ఎర్రగడ్డలు

జీవమ్మను ఎరిగినవాళ్ళు ఆమె మనసు మంచిదని చెప్పరు. చెయ్యి మంచిదని మాత్రం అందరూ చెబుతారు. ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెడ దగ్గర ఒక్కసారి నొక్కిందంటే, అది వారానికి కుళ్ళుతుందో ఆర్నెల్లు నిలుస్తుందో చెప్పేసేది. మనుషుల్ని కూడా అట్లాగే చూసేదని పేటలో పరాచికం. ఆమె లెక్కన ఊళ్ళో సగంమంది పైకి ఎర్రగా, మెడ దగ్గర పచ్చిగా ఉన్నవాళ్ళే. ఆ లెక్క మరీ తప్పని నేననలేను.

ఆమెది కడపకు రెండామడల దూరంలో ఉన్న మిట్టూరు. ఊరి పక్కనే మిషను దొరల కాలంలో క్రీస్తు మతంలో కలిసిన కూలోళ్ళ పేట. ఆమె గుడిసె ఆ పేటలోనే. మిట్టూరు నేలలో సన్నటి ఎర్రగడ్డ పండుతుంది. గులాబి రంగు, విపరీతమైన ఘాటు. మన వాళ్ళు దాన్ని అంతగా మెచ్చరు గానీ, పినాంగు, సింగపూరు వైపు రబ్బరు తోటల్లో పనిచేసే అరవ కూలీలకు అది లేకపోతే ముద్ద దిగదట. అందుకని ఎండాకాలం మొదట్లో గడ్డ పీకి, గంపలకెత్తి, ఎడ్లబండ్ల మీద కడప స్టేషనుకు, అక్కడి నుంచి గూడ్సులో చెన్నపట్నం రేవుకు, రేవులో ఓడకు ఎక్కించేవారు. ఓడ పినాంగు చేరడానికి ఏడు దినాలు.

ఏడు దినాలు సముద్రం మీద బతికి బట్ట కట్టాలంటే గడ్డకు పెంపకం కావాలి. పీకే ముందు పదిహేను దినాలు నీళ్ళు కట్టకూడదు. పీకిన గడ్డను చేలోనే వరసలుగా పరచి, ఒక వరస ఆకు ఇంకో వరస గడ్డల మీద కప్పుకునేలా పెట్టాలి. అట్లా నీడపట్టున మెడ ఆరాలి. మెడ ఆరని గడ్డ ఒక్కటి గంపలో పడితే గంప పోతుంది, గంప పోతే పక్క గంప పోతుంది. ఈ విద్య జీవమ్మకు తల్లి నేర్పింది. పదేళ్ళ వయసు నుంచి ఆమె గడ్డలేరే కొట్టంలోనే పెరిగింది.

కొట్టం నారపరెడ్డిది. ఊళ్ళో సగం నేల ఆయనది, మిగతా సగంలో పండిన గడ్డ కూడా ఆయన చేతి మీదుగానే ఓడెక్కాలి. చెడ్డవాడా అంటే, పండగకు కూలోళ్ళకు కొర్రలు కొలిచేవాడు, పెళ్ళికి కోకలు పెట్టేవాడు. తన మాట తప్పయిందని ఒప్పుకోవాల్సి వస్తే మాత్రం పక్కవాడి ప్రాణమైనా తీసేవాడు. అట్లాంటి మంచివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

జీవమ్మ మొగుడు ఏసేపు. గంపలతో పాటు ఓడెక్కి పినాంగు దాకా పోయి రావడం అతని పని. ప్రతి ఏడూ ఇద్దరు మనుషులు పోయేవారు. ఓడ కడుపులో, అంటే సరుకు వేసే అడుగు గదిలో, గంపలకు గాలి తగిలేలా తిప్పి పెట్టాలి, చెడిన గడ్డ ఏరి పారెయ్యాలి. ఏసేపు నెమ్మదైన మనిషి. వాళ్ళ నాయన సారాయి తాగి తాగి రక్తం కక్కుకుని పోయాడు. అది కళ్ళారా చూసిన ఏసేపు సారాయంగడి ఉన్న సందులో నుంచి కూడా నడిచేవాడు కాదు. నెత్తిన మోపు ఉన్నా సరే, ఊరు చుట్టి వచ్చేవాడు. జీవమ్మ నవ్వేది.

"అంగడి నిన్ను కరుస్తాదా?" అనేది.

"కరిసేది అంగడి కాదులే, నా రక్తం. మా నాయనది గదా" అనేవాడు.

అది పందొమ్మిది వందల ఇరవయ్యారో ఏడు. ఆ ఏడు పినాంగులో ధర బాగుందని కబురొచ్చింది. గడ్డ తూకానికి పోతుంది కాబట్టి నారపరెడ్డికి ఆశ పుట్టింది. పీకడానికి మూడు దినాల ముందు బావి మీద కపిల కట్టించి చేనంతా నీళ్ళు పారించాడు. గడ్డలు నీళ్ళు తాగి నున్నగా ఉబ్బాయి. జీవమ్మ ఒకటి తీసి నొక్కింది, ఇంకొకటి నొక్కింది. లేచి పోయి రెడ్డి ముందు నిలబడింది.

"సామీ, మెడ ఆరలేదు. ఇంకో పది దినాలు పరిచి పెట్టాల."

"ఓడ పది దినాలు నీకోసం నిలబడుతుందా?"

"ఈ గడ్డ ఎక్కిస్తే దోవలోనే ఉడికిపోతాది సామీ."

"చేను నీదా?"

"కాదు సామీ."

"ఓడ నీదా?"

"కాదు."

"మరి నోరెందుకు లేస్తాండాది? పోయి గంపలు కట్టు."

పోయి కట్టింది. ఆ మాట తలచుకుని తర్వాత ఎన్నేళ్ళో తన చేతులు తానే కొట్టుకుంది. ఆ గంపలతో ఏసేపు, పేటలోనే ఉండే దాసన్న ఓడెక్కారు. నెల తర్వాత దాసన్న ఒక్కడే కడప స్టేషను నుంచి నడుచుకుంటూ వచ్చాడు. పేటకు రాకుండా ముందు రెడ్డింటికి పోయాడు. అక్కడ ఒక పూటంతా ఉండి, పొద్దు వాలే వేళకు జీవమ్మ గుడిసె ముందుకొచ్చి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఓడలో ఎవరో పోస్తే ఏసేపు తాగాడట. తాగి అడుగు గదిలోకి దిగబోయి కాలు జారి పడ్డాడట. గోనెపట్టలో చుట్టి సముద్రంలో వదిలేశారట.

జీవమ్మ ఏడవలేదు. "ఎవరు తాగినారు?" అని అడిగింది. దాసన్న మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారి అడిగితే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

పేటలో సంఘం కట్టుబాట్లు గట్టివి. తాగినవాడి పేరు సంఘం పుస్తకంలో ఉండకూడదు. గుడి నడిపే ఉపదేశి ప్రకాశం అప్పటికి పాతికేళ్ళవాడు, కొత్తగా వచ్చినవాడు, రూలు తప్పితే నరకానికి పోతానని నమ్మేవాడు. నారపరెడ్డి పంపిన కబురు విని, పుస్తకం తెరిచి ఏసేపు పేరు మీద గీత కొట్టాడు. చనిపోయినవాడికి గుళ్ళో చేసే ప్రార్థన చెయ్యలేదు. ఏసేపు కూతురు కృపమణికి అప్పుడు ఐదేళ్ళు. "తాగుబోతోని బిడ్డ" అని తోటి పిల్లలు ఆటలో నుంచి తరిమితే ఇంటికొచ్చి, "మా, తాగుబోతంటే ఏంది?" అని అడిగింది. జీవమ్మ ఆ మాటను దాచుకుంది.

రెండు పంటలు గడిచాక ఒక మిట్టమధ్యాహ్నం, చేలో గడ్డలు వరసలు పరుస్తుండగా, పక్క వరసలో ఉన్న దాసన్న ఉన్నట్టుండి చతికిలబడి నిజం కక్కాడు. చెన్నపట్నంలో ఓడ బయల్దేరిన దినమే తుపాను గాలి లేచింది. సరుకు గది మీద మూతలు బిగించేశారు. నాలుగు దినాలు తియ్యలేదు. ఐదో దినం సముద్రం కుదురుకున్నాక మూత తీస్తే, లోపల నుంచి ఉడుకు ఆవిరి, కుళ్ళు కంపు కొట్టింది. గంపలు తిప్పాలని ఏసేపు లాంతరు చేత పట్టుకుని నిచ్చెన దిగాడు.

"సగం దిగినాక దీపం ఆరిపాయ జీవమ్మా. గాలికి ఆరిందనుకున్యా. ఆమీట దబ్బుమని చప్పుడు. పిలిస్తి, పిలిస్తి, పలకల్యా. నాకు కాళ్ళాడల్యా, దిగల్యా."

జీవమ్మకు అంతా అర్థమైంది. మిట్టూరులో పసిపిల్లకైనా అర్థమవుతుంది. ఇక్కడ కొర్రలూ జొన్నలూ భూమిలో పాతరలు తవ్వి దాస్తారు. నెలల తరబడి మూసిన పాతరను తెరిచినప్పుడు ఎవరూ గబుక్కున దిగరు. తాడు కట్టి దీపం వదులుతారు. దీపం ఆరిందంటే లోపల ఉన్నది ప్రాణం తీసే గాలి. మర్నాటి దాకా ఆగి, మళ్ళీ దీపం వదిలి, అది నిలిస్తేనే మనిషి దిగుతాడు. తాతల నాటి పద్ధతి. ఏసేపే ఎన్ని పాతరలకు దీపం వదిలాడో. కానీ నలుదిక్కులా గాలి హోరెత్తే సముద్రం నడిమధ్య పాతర ఉంటుందని ఎవడనుకుంటాడు? ముందు వదలాల్సిన దీపాన్ని చేత పట్టుకుని తనతోనే దింపుకున్నాడు. నీళ్ళు తాగిన గడ్డ లోపల నాలుగు దినాలు ఉడికి, ఉన్న గాలినంతా తినేసింది.

"రెడ్డికి ఇదంతా చెప్పినావా?"

"చెప్పినా. దీపం సంగతి నీ నోట మళ్ళీ వస్తే నీ గుత్త పొలం, ఆ కయ్య పోతాదన్యాడు. పచ్చి గడ్డ ఎక్కించినానని తెలిస్తే పినాంగోళ్ళు నా గడప తొక్కరు, పోలీసోళ్ళు తొక్కుతారు అన్యాడు. తాగినాడని చెప్పమన్యాడు. నలుగురు బిడ్డలు జీవమ్మా."

"నాకు ఒకతే బిడ్డ, దానికి కయ్య గూడా లేదు. నీ కయ్యలోనే నిన్ను పూడ్చిపెట్ట" అంది జీవమ్మ. లేచి మళ్ళీ వరసలు పరిచింది. దాసన్న గుళ్ళో నోరు తెరవడని ఆమెకు తెలుసు. తెరిచినా రెడ్డి మాట ముందు అతని మాట చెల్లదనీ తెలుసు. ఆమెకు కావాల్సింది నారపరెడ్డి నోరు. ఆ నోటితో, పదిమందిలో, ఏసేపు తాగలేదని చెప్పించాలి. కొట్టేసిన పేరు మళ్ళీ రాయించాలి. అది అయ్యేదాకా తాను చావకూడదని ఆ ఎండలో ఒట్టు పెట్టుకుంది.

మరుసటి ఏడు నుంచి అందరికంటే ముందు కొట్టానికి వచ్చేది ఆమే. పేటలో ఆడవాళ్ళు ఎత్తిపొడిచారు. ఇరుగింటి భీమక్క మొహం మీదే అడిగేసింది.

"ఆయప్ప పంపితేనే గదా నీ మొగుడు పాయ. మళ్ళా ఆ గడపకే పోతాండావు, సిగ్గు లేదా?"

"పాము పుట్ట ఇడిసి యాడికి పోతాది భీమక్కా?" అంది జీవమ్మ. భీమక్క ఆ తర్వాత ఆమెతో ఆ ఊసెత్తలేదు.

పాముది పన్నెండేళ్ళ పగ అంటారు. జీవమ్మ తన పగను గడ్డను ఆరబెట్టినట్టు ఆరబెట్టింది. తొందరపడలేదు. ఆమె ఏరిన గంపలో ఒక్క గడ్డ కుళ్ళేది కాదు. ఏరిన గంప మూతి కిత్తనారతో తనదైన ముడి వేసి బిగించేది. మూడేళ్ళు గడిచేసరికి పినాంగులో గంపలు దించుకునే సాయిబులు ఆ ముడి చూసి గంప విప్పకుండానే తీసుకోవడం మొదలుపెట్టారు. ఐదేళ్ళకు ఆ ముడి లేని గంప వద్దన్నారు. నారపరెడ్డి పరపతి ఆ ముడి మీద పెరిగింది. మిద్దె కట్టాడు, జిల్లా బోర్డులో మెంబరయ్యాడు. జీవమ్మను కొట్టానికి పెద్దను చేసి, "నా కుడిచెయ్యి" అని వచ్చినవాళ్ళకు చూపించేవాడు. ఆమె తల వంచుకుని నిలబడేది. ఎంత పైకెక్కితే కింద పడినప్పుడు అంత దెబ్బ అనే లెక్క ఆమెది. ఏసేపు ఆయన మనసులో నుంచి ఎప్పుడో చెరిగిపోయాడు.

మొదట్లో భయంతో రెడ్డి చేనుకు వేళ తప్పి నీళ్ళు కట్టలేదు. భయం ఎన్నాళ్ళుంటుంది? ముప్పయ్యేడులో మళ్ళీ ధర లేచింది. ఓడలో ఒక గదంతా తన గడ్డతోనే నింపుతానని రెడ్డి పినాంగు సాయిబులకు మాటిచ్చాడు. పీకడానికి నాలుగు దినాల ముందు కపిల తోలించాడు. గిలక కీచుమన్న చప్పుడు విని జీవమ్మ కొట్టంలో చేస్తున్న పని ఆపింది. ఆమె గుండె పండగ గంటలా మోగింది. ఇక ఆమె చెయ్యాల్సిందల్లా పచ్చి గంపలన్నిటికీ తన ముడి వెయ్యడమే. సముద్రం మిగతాది చూసుకుంటుంది. ఓడ గది మొత్తం కుళ్ళుతుంది, దానితో పాటు నారపరెడ్డి పేరు కూడా.

ఆ ఏడు గంపలతో పోవాల్సింది దాసన్న పెద్దకొడుకు ఏసన్న. ఆ సంగతి తెలిసి జీవమ్మ, "ఇంకా మేలు" అనుకుంది. అబద్ధం చెప్పినవాడికి కూడా వాత పడుతుందని ఒక పూటంతా ఆ ఆలోచనను చప్పరించింది. ఏసన్నకు పెళ్ళయి అప్పటికి ఏడాది. అతని భార్య విశ్వాసమ్మ కొట్టంలో జీవమ్మ పక్కనే కూర్చుని గడ్డలేరేది. మొగుడు సముద్రం చూస్తాడని దానికి ఒకటే సంబరం.

"అత్తా, మా ఇంటాయప్ప పినాంగు నుంచి నాకు గాజులు తెస్తానన్యాడు. తెస్తాడంటావా?" అని అడిగింది.

జీవమ్మ దాని మొహం చూసింది. రేపు దాని గుడిసె ముందు ఎవడో నేల చూపులు చూస్తూ నిలబడతాడు. అప్పుడు ఈ పిల్ల కూడా, తనలాగే, గడ్డలు నొక్కుకుంటూ పదకొండేళ్ళు కూర్చుంటుంది. రెడ్డి మాత్రం ఇంకో దాసన్నను వెతుక్కుంటాడు. జీవమ్మ మనసు కరిగిందని ఎవరూ అనుకోవద్దు. రెడ్డి మీద విసరాలని ఆమె ఇన్నాళ్ళూ ఒక రాయి దాచిపెట్టుకుంది. అది పోయి విశ్వాసమ్మకు తగిలితే ఎవరికి లాభం? చేతిలో ఉన్న కిత్తనార కింద పడేసి లేచింది.

ఆ దినమే పినాంగు సాయిబుల తరఫున ఖాదరు సాయిబు అనే పెద్దమనిషి మిట్టూరు వచ్చాడు. గది మొత్తం బేరం కాబట్టి సరుకు కళ్ళారా చూసి రమ్మని పంపారు. కొట్టంలో కొండలా గంపలున్నాయి. ఒక్కదానికీ ముడి లేదు.

"ఏమమ్మా, నీవేనా జీవమ్మ? ముడి ఎందుకు వెయ్యలేదు?" అని అడిగాడు సాయిబు.

"మెడ పచ్చిగా ఉండాది అయ్యా. ఈ గడ్డకు నా ముడి పడదు."

నారపరెడ్డి నవ్వాడు. "ముసలిదైపోతాంది సాయిబూ, చేతికి స్పర్శ పోతాంది. గడ్డ బంగారం మాదిరి ఉండాది. చూడు నువ్వే."

"బంగారమైతే ఏం బాధ సామీ," అంది జీవమ్మ నిదానంగా. "సముద్రం దాకా ఏంటికి? మీ ఇంటి ముందర పాతర ఖాళీగా ఉండాది గదా. నలభై గంపలు దాంట్లో దింపి, బండ మూసి, మట్టి మెత్తి నాలుగు దినాలు పెట్టండి. ఐదో దినం తీసి సాయిబును చూడమనండి. బాగుంటే కొట్టమంతా నేనే ముడులేస్తా."

"మంచి మాట," అన్నాడు సాయిబు. "పినాంగులో చూసి ఏడవడం కంటే ఈడ చూసుకోవడం మేలు. నేను ఉంటాను."

కాదంటే గడ్డ పచ్చిదని ఒప్పుకున్నట్టే. రెడ్డి సరేనన్నాడు. నాలుగు దినాల్లో కుళ్ళు పైకి తేలదని ఆయన ధైర్యం. చాలకపోతే పై వరసలో నిరుటి ఎండు గడ్డలున్న గంపలు పెట్టమని జీతగాళ్ళకు చెవిలో చెప్పాడు. జీవమ్మ అది చూసింది, పట్టించుకోలేదు. రెడ్డి ఆలోచనంతా కుళ్ళు మీద ఉంది. ఆమెకు కుళ్ళుతో పని లేదు.

నాలుగో దినం ఆమె ఉపదేశి ప్రకాశం దగ్గరికి పోయింది. ఇప్పుడాయనకు నడివయసు. తల ముందు భాగం నున్నగా అయింది, రూళ్ళ పట్టు కాస్త సడలింది.

"రేపు పొద్దున రెడ్డింటి కాడికి రావాల అయ్యా. సంఘం పుస్తకం తీసుకోని."

"పుస్తకం ఏంటికి జీవమ్మా?"

"ఒక పేరు రాసేది ఉండాది. కలం గూడా తెచ్చుకోండి. మళ్ళా యాడ ఎతుకుతారు?"

మర్నాడు పొద్దెక్కేసరికి రెడ్డింటి ముందు ఊరూ పేటా పోగయ్యాయి. జనం గడ్డ చూడటానికి వచ్చారు. జీతగాళ్ళు మట్టి కొట్టి బండ జరిపారు. పాతర నోట్లో నుంచి ఉడుకు ఆవిరి లేచింది. కంపుకు ముందు నిలబడినవాళ్ళు పైగుడ్డలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఖాదరు సాయిబు అప్పుడే మొహం చిట్లించాడు. ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా, ఒక జీతగాడు ప్రమిదకు తాడు కట్టి వెలిగించి లోపలికి వదిలాడు. రెండు మూరలు దిగిందో లేదో, దీపం ఆరిపోయింది. పైకి లాగి మళ్ళీ వెలిగించి వదిలాడు. మళ్ళీ ఆరింది.

"ఇంగ రేపే దిగేది. గాలి తిరగాల" అన్నాడు జీతగాడు.

జనంలో వెనక నుంచి ఏడుపు వినబడింది. దాసన్న నేల మీద కూలబడి తల కొట్టుకుంటున్నాడు.

"ఇట్లనే ఆరిపాయప్పా. ఆ పొద్దు ఓడలో ఇట్లనే ఆరిపాయ. ఏసేపు తాగల్యా. నేనే అబద్ధం చెప్పినా."

నారపరెడ్డి అతని వైపు ఒక్క చూపు చూశాడు. దాసన్న ఈసారి నోరు మూయలేదు. జీవమ్మ అతన్ని చెయ్యెత్తి ఆపింది.

"నీ సాక్ష్యం పదకొండేండ్లు ఆలీసమైంది. నాకు నీ నోరు వద్దు" అంది. పాతర అంచుకు నడిచి రెడ్డికి ఎదురుగా నిలబడింది. ఆ దినందాకా సామీ అన్న మనిషి, మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "నారపరెడ్డీ, ఈ పొద్దు నువ్వు తాగినావా?"

"ఏం వాగుతాండావే?"

"తాగల్యా గదా. నా మొగుడు తాగినందుకే ఓడ కడుపులో పడి సచ్చినాడని గుడికి కబురంపినావే. నువ్వు తాగల్యా కాబట్టి నీకేం కాదు. దిగు. దిగి నీ బంగారం రెండు గంపలు పైకి తెచ్చి సాయిబుకు చూపీ."

ఖాదరు సాయిబు మెల్లగా, "రెడ్డిగారూ, ఈమె చెప్పేది నిజమా? మునుపు మా సరుకుతో వచ్చిన మనిషి ఇట్లా పోయినాడా?" అని అడిగాడు. రెడ్డి చుట్టూ చూశాడు. ఊరంతా తన మొహం చూస్తోంది. పేటోళ్ళు కూడా చూస్తున్నారు. ఆయనకు అన్నిటికంటే భరించలేనిది అదే. పంచె ఎగ్గట్టి, పాతర అంచు మీద కూర్చుని, ఒక కాలు లోపలికి పెట్టాడు.

మిద్దె మీద నుంచి చూస్తున్న ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ పరుగున వచ్చి జీవమ్మ చెయ్యి పట్టుకుంది. రెడ్డి భార్య పేట మనిషిని ముట్టుకోవడం మిట్టూరు అంతకుముందు చూడలేదు.

"వద్దని చెప్పు జీవమ్మా. నీకు దండం పెడతా. పంతానికి దిగుతాడు ఆయప్ప. ఆపు తల్లీ."

జీవమ్మ తన చెయ్యి విడిపించుకోలేదు, నోరూ తెరవలేదు. రెడ్డి రెండో కాలు కూడా లోపలికి పెట్టాడు. ఆమె కళ్ళు ఆయన కాళ్ళ మీదే ఉన్నాయి. దిగితే దిగనిద్దామనే ఆమె అనుకుంది. ఆ సంగతి తర్వాత తానే ఒప్పుకుంది కూడా. ఆవిరి మొహానికి కొట్టి రెడ్డికి దగ్గు తెర వచ్చింది. దగ్గుతూ తలెత్తి జీవమ్మ మొహం చూశాడు. ఈమె ఆపదని అప్పుడు తెలిసింది ఆయనకు. ఒళ్ళంతా చెమట పట్టింది. రెండు చేతులూ నేలకు ఊని పాకినట్టు వెనక్కి వచ్చి మట్టిలో కూర్చున్నాడు.

"తాగలేదు" అన్నాడు.

"ఎవరు?"

"ఏసేపు."

"ఉపదేశయ్యకు వినపళ్ళా. గట్టిగా చెప్పు."

"ఏసేపు తాగలేదు. గడ్డ పచ్చిదని ఈమె నాకు చెప్పింది. నేనే ఎక్కించినా. తాగినాడని నేనే చెప్పించినా." ప్రతి మాటా పన్ను పీకినట్టు పీకి పీకి చెప్పాడు.

ప్రకాశం అక్కడే, పశువుల గాడి బండ మీద పుస్తకం పెట్టుకుని, ఏసేపు పేరు కొత్తగా రాశాడు. పేటోళ్ళందరి ముందూ పైకి చదివాడు. పదహారేళ్ళ కృపమణి గుంపులో నిలబడి తండ్రి పేరు విన్నది. ఖాదరు సాయిబు ఆ మధ్యాహ్నమే బండి కట్టించుకుని పోయాడు. ఆ ఏడు మిట్టూరు నుంచి ఒక్క గంప కూడా ఓడెక్కలేదు. పాతరలో నలభై గంపలు, కొట్టంలో వేల గంపలు వానలదాకా కుళ్ళాయి. ఆ కంపుకు రెడ్డింటికి చుట్టాలు కూడా రావడం మానేశారు. జీవమ్మ మళ్ళీ ఆ కొట్టం మెట్టు ఎక్కలేదు.

పాతర తెరిచిన తర్వాతి ఆదివారం గుళ్ళో ఏసేపుకు ప్రార్థన చేశారు. బయటికి వచ్చేసరికి వేపచెట్టు కింద నారపరెడ్డి నిలబడి ఉన్నాడు. వారం తిరక్కుండానే పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. గుడి గడప దాకా ఆయన రావడం అదే మొదలు. తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. ప్రకాశం కళ్ళు చెమర్చాయి.

"జీవమ్మా," అన్నాడు, "పేరు వచ్చేసింది. నిజం బయటపడింది. ఆయన గూడా దిగివచ్చినాడు. మనకు ప్రభువు చెప్పిందేమి? క్షమించినానని ఒక్క మాట అను."

జీవమ్మ రెడ్డిని పైనుంచి కిందికి చూసింది.

"చెప్పేదానికి నేనెవురు అయ్యా? సచ్చింది నేను కాదు గదా. క్షమించాల్సింది మా ఆయప్ప," అంది. "ఆయప్ప సముద్రంలో ఉండాడు. పోయి అడుక్కోమను."

కూతురి చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది.